సుంకన్న తడి

ఇది మీ అవ్వకు అవ్వ పారాడే నాటి మాట. ఎన్నేళ్ళైందని నన్నడక్కండి, లెక్క నాకూ రాదు. వినేవాళ్ళు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్ళు గోడకానుకోండి.

నల్లరాళ్ళపల్లె అనే మెట్ట ఊళ్ళో సుంకన్న అని పటాలు రాసేవాడు ఒకడుండేవాడు. అతని భార్య లింగమ్మ. లింగమ్మ రంగులు నూరేది, సుంకన్న కుంచె పట్టేవాడు. ఎర్రమట్టితో ఎరుపు, దీపపు మసితో నలుపు, నీలి ఆకుతో నీలం. అందులో కాస్త తుమ్మబంక, కాసిని నీళ్ళు. అంతే వాళ్ళ సరంజామా. తెల్లరంగు మాత్రం ఆ ఇంట్లో ఉండేది కాదు. కొంగైనా, పాలైనా, వానధారైనా, తెల్లగా ఉండాల్సిన చోట రంగు పెట్టకుండా గుడ్డను అలాగే వదిలేయాలి. వదిలేయడమే కష్టమని సుంకన్న నాయన చెప్పేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు. "తడి ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు." నీళ్ళరంగు తడిగా ఉండగా మళ్ళీ కుంచె తగిలిందంటే ఇక అది బురదే.

సుంకన్న జబ్బు సరిగ్గా అదే. చెయ్యి ఊరుకోదు. "తప్పిపోతే ఎట్ల లింగీ?" అంటాడు. పొద్దున లేస్తే అదే మాట, సంగటి ముందు కూర్చుంటే అదే మాట, పక్క వేస్తే అదే మాట. మనిషి ఎంత మెత్తనివాడంటే చీమకు కూడా దారిచ్చేవాడు. కానీ పక్కనున్న పెళ్ళాం ప్రాణం మాత్రం తోడేసేవాడు.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. మృగశిర కార్తె దాటినా చినుకు పడకపోతే వానపటం రాయించి పొలిమేర బండకు కట్టాలి. ఆ పటానికి నీళ్ళు ప్రతి ఇల్లూ దోసెడు పోయాలి. తాము తాగే నీళ్ళలోంచే పోయాలి. దోసెడు దోసెడు కలిస్తే మూడు ముంతలయ్యేవి. మూడు ముంతలకు మూడు గుడ్డలు. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుందని పెద్దల ముందుచూపు. పటానికని పోసిన నీళ్ళు మళ్ళీ ఎవరి నోటికీ పోకూడదు.

ఆ ఏడు మృగశిర పోయింది. ఆరుద్రా పోయింది. ఊరి బావి అడుగంటింది. ఇంటికి రోజుకు ఒక చెంబు నీళ్ళు, అంతే. అందులోంచే దోసెడు తెచ్చి పోశారు. ఊరి చివరి గుడిసెలో ఒంటరిగా ఉండే ఈరవ్వ కూడా వచ్చింది. ఆమె చేతులు వణికి సగం నీళ్ళు దారిలోనే కారిపోయాయి.

"ఇంతే మిగిలింది నాయనా," అంటూ మిగిలిన గుక్కెడు ముంతలో వదిలింది.

సుంకన్న ఆ ముంత వైపు చూశాడు. "తప్పిపోతే ఎట్ల లింగీ?" అని అప్పుడే మొదలుపెట్టాడు. లింగమ్మ రంగుల చిప్పలు అతని ముందుకు జరిపింది.

మొదటి గుడ్డ మీద ఎర్రమట్టితో నేల, నీలంతో చెరువు రాసి, మసితో మబ్బు పెట్టాడు. బాగానే ఉంది. "ఈ మూల పలచనైందే. తప్పిపోతే ఎట్ల?" అని మళ్ళీ ముట్టుకున్నాడు. బురదైంది. ఒక ముంత నీళ్ళు పోయాయి.

రెండో గుడ్డ మీద మబ్బు పెట్టి, చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. లింగమ్మకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. కాసేపటికి చెయ్యి తొడ కింద నుంచి దానంతటదే బయటికొచ్చింది. మళ్ళీ ముట్టుకున్నాడు. మళ్ళీ బురద. రెండో ముంత కూడా పోయింది.

కుంచె కడిగిన ఆ మురికి నీళ్ళను లింగమ్మ పారబోయలేదు, బానలో పోసి ఉంచింది. వాటితో ఏం చేయాలో ఆమెకూ తెలీదు. "ఈరవ్వ గుక్కెడు ఇందులోనే ఉందేమో. ఎట్ల పారబోసేది?" అనుకుంది.

మూడో ముంత ముందు కూర్చుని సుంకన్న కుంచె అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లో దబ్బున చప్పుడైంది. పటం అయిందో లేదో అడగడానికొచ్చిన ఈరవ్వ ఎండకు సొమ్మసిల్లి పడింది. పెదాలు పగిలి ఉన్నాయి. కళ్ళు తేలేసింది. ఇంట్లో తాగే నీళ్ళు చుక్క లేవు.

లింగమ్మ ముంత వైపు చూసింది. సుంకన్న లింగమ్మ వైపు చూశాడు. తప్పిపోతే ఎట్ల అని ఈసారి అనలేదు. ముంతెత్తి ఈరవ్వ నోట్లో కొంచెం కొంచెంగా మొత్తం పోశాడు. ముసలామె బతికింది.

ఊళ్ళో మాట దాగుతుందా? ఊరికి పెద్ద అయిన పెద్దరెడ్డి కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"ఊరి నీళ్ళన్నీ అయిపోయినాయంట గదప్పా. పటమేది?"

"మాపటికి బండకు కడతా రెడ్డీ."

"నీళ్ళు లేకుండా ఎట్ల రాస్తావు?" రెడ్డి గొంతు తగ్గించాడు. "ఈ తూరి వాన రాకుంటే నీవల్లేనంటారు సుంకన్నా. నేనూ అంటా."

రెడ్డి వెళ్ళాక సుంకన్న బాన పక్కన కూలబడ్డాడు. చాలాసేపు నీళ్ళలోకే చూశాడు. మసీ నీలమూ ఎర్రమట్టీ ఒకదాంట్లో ఒకటి కలిసి ఉన్నాయి.

"లింగీ, ఈ రంగు చూడు."

లింగమ్మ వంగి చూసింది. అంతవరకూ ఆమెకది మురికినీళ్ళే. ఇప్పుడు చూస్తే, పడమటి గుట్ట మీద వాన దిగే ముందు కనిపించే రంగది.

"ఇన్నేండ్లూ మబ్బును మసితో రాసినా. మబ్బు నలుపు కాదే," అన్నాడు సుంకన్న.

పెద్ద కుంచె ముంచాడు. మూడో గుడ్డ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో మబ్బును దింపాడు. మధ్యలో సన్నగా గుడ్డను వదిలేశాడు. వదిలిన చోటల్లా వానధార అయింది. బానలో నీళ్ళు సరిగ్గా ఆ ఒక్క పూతకే సరిపోయాయి. కుంచె కింద పెట్టి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"తడి ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు," అంది లింగమ్మ.

"పెట్టేదానికి నీళ్ళేడున్నాయిలే," అని నవ్వాడు సుంకన్న.

సాయంత్రం పటాన్ని బండకు కట్టారు. గొర్రెల్ని తోలుకొస్తున్న తిమ్మక్క దూరం నుంచి దాన్ని చూసి, మబ్బు పట్టిందనుకుని ఆరేసిన పిడకలు ఎత్తుకోవడానికి ఇంటికి పరిగెత్తింది. ఊరంతా నవ్వింది. నవ్వి, ఆకాశం వైపు చూసింది.

సుంకన్న మాత్రం ఆ బండ దగ్గరి నుంచి కదలలేదు. మొదటి రోజు లింగమ్మ అతని వంతు నీళ్ళు తెచ్చింది.

"ఊరి నీళ్ళు రెండు ముంతలు బురద చేసినోడ్ని. నావి ఈరవ్వకు పొయ్యి. చినుకు పడినాకే తాగుతా," అన్నాడు.

రెండో రోజు తెచ్చింది. అదే మాటన్నాడు. ఆమె తిట్టింది, కాళ్ళు పట్టుకుంది, తాళి చూపించింది. చెంబు అతని నోటికి ఆనించి, కళ్ళు మాత్రం పడమటి గుట్ట మీదే పెట్టింది. గుట్ట మీద ఏమీ లేదు. వాన ముందొస్తుందో, ఈయన ప్రాణం ముందు పోతుందో ఆమెకు తెలీలేదు.

మూడో రోజు తెచ్చింది. సుంకన్న కళ్ళు సగమే తెరిచాడు.

"పటం ఆరిందా లింగీ?"

"ఎప్పుడో ఆరింది. తాగయ్యా."

"ఆరిందంటే చెయ్యి పెట్టొచ్చు." చెయ్యెత్తి గుడ్డ అంచును తాకాడు. ఆ చెయ్యి కిందికి జారింది. అంతే.

చనిపోయినవాడికి స్నానం చేయించాలి. నీళ్ళేవి? లింగమ్మ ఎవర్నీ అడగలేదు. ఈరవ్వే ముందొచ్చింది, వణికే దోసిలితో. ఆమె వెనక తిమ్మక్క. ఆ వెనక ఇంటింటి నుంచీ ఒకరు. అందరికన్నా చివర పెద్దరెడ్డి తలొంచుకుని, దోసెడు కాదు, చెంబెడూ తెచ్చాడు. మూడు ముంతలయ్యాయి.

బండ మీదే అతన్ని పడుకోబెట్టి మొదటి ముంత పోశారు. రెండో ముంత పోశారు. మూడో ముంత ఇంకా ఖాళీ కాలేదు, మట్టి వాసన వచ్చింది. గాలి తిరిగింది. వాన పడింది.

పటం మీది మబ్బు కరిగింది. సుంకన్న మీద నుంచి కారి, బండ మీద నుంచి కారి, చేలల్లోకి పారింది. ఊరు ఎగిరి గంతులేసింది. లింగమ్మ మాత్రం ఆకాశం కేసి చూసి, "ఒక్క జాము ముందొస్తే నీ సొమ్మేం పోయింది?" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. నన్నడిగితే అది ఎటూ వచ్చే వానే అంటాను. పటం తెచ్చిందో, ఆ దోసిళ్ళు తెచ్చాయో చెప్పడానికి నేనెవణ్ణి? ఆలస్యంగా వచ్చిందన్నది మాత్రం నిజం.

మర్నాడు రైతులు నాగళ్ళు కట్టారు. లింగమ్మ ఎద్దులకు అడ్డంగా నిలబడింది.

"ఆ తడి ఆయనది. ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు."

పెద్దరెడ్డి ముందుగా తన ఎద్దుల్ని విప్పాడు. అందరూ విప్పారు. ఒకడు మాత్రం వినకుండా దున్నాడు. వాడి చేను గడ్డలు కట్టి, ఆ ఏడంతా మొలక లేదు. ఆగినవాళ్ళ చేలు కళకళలాడాయి.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో తొలివాన పడ్డ రోజు నాగలి కదలదు. ఇంటికొకరు చేను గట్టు మీద దోసెడు మంచినీళ్ళు పోసి వస్తారు. ఆ రోజు తాగకుండా పోయినవాడి వంతు అది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలెవరైనా, ఇంత వాన పడితే ఇంకా దున్నరేమని అడిగితే, అత్త ఒకటే మాట చెబుతుంది.

"సుంకన్న తడి అమ్మే. ఆరనీ."