మెట్ల మీద దివాన్ గారు

"రేపటి నుంచి రోజూ పొద్దున ఎనిమిది గంటలకు మా దివాన్ గారు కచేరీ మెట్ల మీద నిలబడి, ఆ రోజు ఎక్కడికి వెళ్తారో, ఎవరిని కలుస్తారో విలేకరులకు చెబుతారు!"

నిండు కొలువులో రాజావారు ఇలా అనేసరికి దివాన్ వేదాద్రి ఒక అడుగు వెనక్కి వేశాడు.

చింతలకోన సంస్థానాన్ని ఏలే జగదేకరాయలవారికి ఉన్నట్టుండి ఏదో ఒకటి తోస్తుంది. తోచిందల్లా ఆజ్ఞ అయిపోతుంది. ఈసారి ఆయన చెవిలో ఊదింది దళవాయి భుజంగరావు. సైన్యం చూసుకోవలసిన మనిషి, ఆయన ఎక్కువగా చూసుకునేది పత్రికల్లో తన బొమ్మే.

వేదాద్రి తీరు వేరు. పాతికేళ్ళు రాయబారిగా తలుపులు మూసిన గదుల్లో మెల్లగా మాట్లాడి తగువులు తీర్చినవాడు. దివాన్ అయ్యాక కూడా ఫొటో తీస్తామంటే స్తంభం చాటుకు తప్పుకునేవాడు. 'పగటిచుక్క' పత్రిక విలేకరి పరాంకుశానికి అదే మంట.

కొలువు ముగిశాక రాజావారు వేదాద్రిని పక్కకు పిలిచారు.

"మల్లవరంవాళ్ళతో నీళ్ళ ఒప్పందం ఎంతవరకు వచ్చింది?"

"వారంలో సంతకాలు ప్రభూ. కానీ ముందే అచ్చయితే మళ్ళీ మొదటికొస్తుంది."

నిజమే. ఆనకట్ట తలుపులు ఎగువనున్న మల్లవరం సంస్థానం చేతిలో ఉన్నాయి. దిగువ ఊళ్ళలో వరి ఎండిపోతోంది. కిందటిసారి మాటలు కుదిరేవేళకు 'మల్లవరం రాజు దిగివచ్చాడు' అని పత్రికలో పెద్ద అక్షరాలతో పడింది. ఆయనకు రోషం వచ్చి రాయబారిని వెనక్కి పిలిపించుకున్నాడు.

రాజావారు మీసం మీద చెయ్యి వేశారు.

"అయితే ఇదే మీకు పరీక్ష. అబద్ధం ఆడకూడదు, ఏదీ దాచకూడదు. నీళ్ళు వచ్చేదాకా సంగతి అచ్చు కాకూడదు. నెగ్గారా, మీరే దివాను. లేదా, భుజంగరావు."

మర్నాడు మెట్ల ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. వేదాద్రి కళ్ళజోడు సర్దుకుని కాగితం తీశాడు.

"ఒకటో అంశం. తొమ్మిదిన్నరకు గుర్రపుశాలకు వెళ్తాను. అక్కడ గడ్డి తడిసిందని ఫిర్యాదు. రెండో అంశం. గడ్డి తడవడానికి కారణం పైకప్పు. ఆ పెంకుల కొలతలేమిటంటే..."

గంటసేపు చదివాడు. ఒక్క పెంకు కూడా వదల్లేదు.

"మీరు పొద్దున ఏం తిన్నారు?" అని పరాంకుశం అడిగాడు.

"ఉప్మా. అందులో జీడిపప్పు లేదు. ఎందుకు లేదో చెప్పమంటారా?"

రెండో రోజు సగంమంది వచ్చారు. నాలుగో రోజుకు ముగ్గురు మిగిలారు, వాళ్ళలో ఇద్దరు గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్నారు.

అటుగా వచ్చిన భుజంగరావు పకపకా నవ్వాడు. "ఏం దివాన్ గారూ, జోలపాట పాడుతున్నారా? జనాన్ని ఎలా రప్పించాలో నన్ను చూసి నేర్చుకోండి!"

"మీకున్న కళ నాకెక్కడిదండీ?" అన్నాడు వేదాద్రి వినయంగా. "మీరే అయితే ఏం చేసేవారు?"

"ఏనుగెక్కి, రెండు చేతులా కత్తులు తిప్పేవాణ్ణి!"

"అబ్బ! శుక్రవారం నేను మెట్లెక్కే వేళకే చూపించకూడదూ? ఊరు ఊరంతా మీ వెనకే ఉంటుంది."

భుజంగరావు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

శుక్రవారం మెట్ల ముందు పరాంకుశం ఒక్కడే ఉన్నాడు. వేదాద్రి మామూలుగానే మొదలుపెట్టాడు. గుర్రపుశాల, పెంకులు, సిరాబుడ్లు. పరాంకుశం కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏడో అంశం. పది గంటలకు అతిథిగృహంలో మల్లవరం రాయబారిని కలుస్తాను. నీళ్ళ ఒప్పందం మీద..."

వీధిలో డప్పులు మోగాయి. ఏనుగు ఘీంకరించింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి, తీరిగ్గా చదువుకుంటాను!" అని పరాంకుశం దాన్ని మడిచి జేబులో కుక్కుకుని పరుగెత్తాడు.

పది గంటలకు సంతకాలయ్యాయి. సాయంత్రానికి ఆనకట్ట తలుపులు లేచాయి.

శనివారం పత్రిక నిండా భుజంగరావే. ఏనుగు మీద ఒక బొమ్మ, జారిన తలపాగాను ఏనుగు తొండంతో అందిస్తుండగా ఇంకో బొమ్మ. నీళ్ళ సంగతి ఒక్క ముక్క లేదు. ఆ ఉదయమే దిగువ ఊళ్ళ రైతులు బురద కాళ్ళతో కొలువుకు వచ్చి రాజావారికి దణ్ణాలు పెట్టారు.

కొలువులో ఓ పక్కన కూర్చున్న పరాంకుశం లేచి నిలబడ్డాడు. "అన్యాయం ప్రభూ! ఇంత పెద్ద వార్త దాచేశారు!"

"మీ జేబులో ఉంది చూడండి," అన్నాడు వేదాద్రి. "ఏడో అంశం."

పరాంకుశం కాగితం విప్పి చదువుకున్నాడు. మళ్ళీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు.

రాజావారు ముందుకు వంగారు. "అన్నీ చెప్పారు, అబద్ధం ఆడలేదు. మరి ఈ రహస్యాన్ని ఎలా దాచారు దివాన్ గారూ?"

వేదాద్రి చేతులు జోడించాడు.

"నేను దాచలేదు ప్రభూ, దళవాయిగారు దాచిపెట్టారు. అంత పెద్ద ఏనుగును అడ్డం పెట్టి!"

కొలువంతా గొల్లుమంది. భుజంగరావు మొహం ఎర్రబడింది, ఆ తర్వాత ఆయనకూ నవ్వు ఆగలేదు. రాజావారు కళ్ళు తుడుచుకుంటూ సింహాసనం దిగి, తన భుజం మీది పట్టుశాలువా తీసి వేదాద్రికి కప్పారు.