గంట మోగాక

ఎవరైనా ప్రశ్న వేస్తే దాలినాయుడు మాస్టారు ఈల తీసి నోట్లో పెట్టుకునేవారు. ఊదడానికి కాదు. నోట్లో ఈల ఉన్న మనిషిని ఎవరూ జవాబు కోసం ఒత్తిడి చెయ్యరని. ఖరగ్‌పూర్ రైల్వే మైదానంలో ఆయన దగ్గర పరుగు నేర్చుకున్న తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా హైమవతి ఉండబట్టలేక అడిగింది.

"మాస్టారూ, ఎదిగే పిల్లకి తల్లి ముందుండాలా, పక్కనుండాలా, వెనకుండాలా?"

మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, వంగి, బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టారు.

హైమవతి ఆయన శిష్యుల్లో అందరికంటే పాతది. ఆమదాలవలస నుంచి పంతొమ్మిదేళ్ళకే పరుగు పుణ్యాన రైల్వేలో ఉద్యోగం సంపాదించుకుని ఇంత దూరం వచ్చింది. ఆమె పరిగెత్తింది ఎనిమిది వందల మీటర్లు. మైదానం చుట్టూ రెండు చుట్లు. అదొక చిత్రమైన పరుగు. వంద మీటర్ల వాళ్ళలా ఊపిరి బిగబట్టి దూసుకుపోవడానికి లేదు, మారథాన్ వాళ్ళలా తీరిగ్గా సర్దుకుంటూ పోవడానికీ లేదు. మొదటి చుట్టులో కొంత దాచుకోవాలి. రెండో చుట్టులో ఏమీ మిగుల్చుకోకూడదు.

హైమవతి దాచుకునే రకం కాదు. తుపాకీ పేలగానే అందరికంటే ముందుకు పోయేది. ఎవరైనా తన ముందు పరిగెత్తుతుంటే వాళ్ళేం చేస్తారోనని బెంగ. తీరా తను ముందుకు వెళ్ళాక వెనకాల ఏం జరుగుతోందోనని బెంగ. అందుకని మలుపు మలుపుకీ మెడ తిప్పి చూసేది. ఒకసారి పెద్ద పోటీలో గీత ఇంకో పది అడుగుల్లో ఉందనగా ఎడమవైపు తిరిగి చూసింది. ఆ క్షణంలోనే కుడివైపు నుంచి ఒక కేరళ అమ్మాయి దాటేసింది. మర్నాడు మాస్టారు, "పతకం నీ మెడలో వెయ్యడం న్యాయమే హైమా. కాళ్ళకంటే అదే ఎక్కువ కష్టపడింది," అన్నారు. అయినా పదిహేనేళ్ళు పరిగెత్తింది, గెలవాల్సినవి చాలానే గెలిచింది.

పరుగు మానాక ఆ బెంగంతా కూతురి మీదికి మళ్ళింది. సుచరితకు పదహారేళ్ళు. తల్లిలాగే ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతుంది. ఆ పిల్ల బూట్ల లేసులు హైమవతే ముడివేసి, ముడి మీద ముడి వేసి, మైదానానికి వచ్చాక మళ్ళీ లాగి చూసేది. కాచి చల్లార్చిన నీళ్ళు రెండు సీసాలు తెచ్చేది, ఒకటి ఒలికిపోతే ఇంకొకటి ఉంటుందని. పిల్ల పరిగెత్తుతుంటే మధ్యలో ఉన్న గడ్డి మీద తనూ సమానంగా పరిగెత్తుతూ, "చేతులు! చేతులు దించు! భుజాలు వదులు!" అని కేకలు వేసేది. ఇంత దూరంలో పెరిగే పిల్లకు తెలుగు ఎక్కడ పోతుందోనని మరో దిగులు. ఒకసారి సుచరిత చుట్టు మధ్యలో రొప్పుతూ, "థక్ గయీ అమ్మా!" అంది.

"అలిసిపోయాను అను!" అంటూ హైమవతి పక్కనే పరిగెత్తింది.

"అంత పొడుగు మాట అనే ఓపికుంటే అలిసిపోయినట్టు ఎలా అవుతుందమ్మా!"

రాష్ట్ర జట్టుకు ఎంపిక ఆ రోజే, ఆదివారం. నాలుగు జిల్లాల పిల్లలు ఖరగ్‌పూర్ వచ్చారు. అది పోటీ కాదు, గడియారంతో పరీక్ష. ఎవరికి వారు విడిగా పరిగెత్తి, పెట్టిన సమయంలోపల గీత దాటాలి. ఉదయం ఒక అవకాశం, సాయంత్రం ఒక అవకాశం. ఆ రెండూ పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. వచ్చే ఏడాదికి సుచరిత వయసు మించిపోతుంది. అంటే ఆ జట్టు ఆశ ఇక వదులుకోవాల్సిందే. పిల్లకు వేగం చూపించడానికి మొదటి చుట్టు ఎవరైనా ముందు పరిగెత్తవచ్చు. రెండో చుట్టు మొదలని గంట మోగగానే ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. అది ఆ పరుగులో మర్యాద.

మాస్టారు లేసు కట్టుకోవడం ముగించి, నోట్లోంచి ఈల తీశారు.

"పిల్లకి ముందు ఎవరు పరిగెత్తుతారని ఎంపిక పెద్దలు అడిగినారు. నీ పేరు చెప్పినాను," అన్నారు.

ప్రశ్నకు జవాబు రాలేదని హైమవతి గమనించనే లేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. తనకంటే బాగా ఈ పని ఎవరు చేస్తారు!

తుపాకీ పేలింది. తల్లి ముందు, కూతురు వెనక. మొదటి మలుపులోనే హైమవతి మెడ తిరిగింది. పిల్ల వస్తోందా? వస్తోంది. రెండో మలుపులో మళ్ళీ చూసింది. పిల్ల కాస్త ఆయాసపడుతున్నట్టు తోచి వేగం తగ్గించింది. అయ్యో, ఆలస్యమవుతోందేమోనని వెంటనే పెంచింది. వెనకనున్న పిల్ల పాపం, తల్లి తగ్గితే తగ్గింది, పెరిగితే పెరిగింది. చుట్టు పూర్తయింది. స్తంభానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కను మాస్టారు ఇనుపకడ్డీతో ఖంగున కొట్టారు. అదే గంట.

హైమవతి తప్పుకోలేదు. ఎదురుగాలి మలుపు ఒక్కటీ దాటించి తప్పుకుందామనుకుంది. మలుపు దాటాక, ఇంకొంచెం అనుకుంది. నలభై దాటిన కాళ్ళు అంతటితో చాలన్నాయి. ఆమె నెమ్మదించింది, వెనకాలే సుచరిత కూడా నెమ్మదించింది. ఇద్దరూ ముందొకరు వెనకొకరుగా, సంతకు వెళ్ళొస్తున్నవాళ్ళలా గీత దాటారు. గడియారం పట్టుకున్న పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"నన్ను దాటి పోలేకపోయావుటే?" అంది హైమవతి, ఊపిరి అందాక.

"నువ్వు తప్పుకుంటావని చూశానమ్మా. తప్పుకోలేదు. నిన్ను తోసుకుని పోతే, అమ్మ అని కూడా చూడకుండా ఎలా పోతోందో చూడండని నువ్వే అంటావు."

"అననే!"

"అంటావు. ఇంటికెళ్ళేదాకా అంటావు. నాన్న వచ్చాక మళ్ళీ మొదట్నుంచి అంటావు."

హైమవతి నవ్వబోయి ఆగిపోయింది. పిల్ల చెప్పింది నిజమే. ఒక అవకాశం పోయింది. అది పిల్ల పోగొట్టింది కాదు. ఆమె మాస్టారి దగ్గరకు వెళ్ళి, "సాయంత్రం ఇంకెవరినైనా పెట్టండి మాస్టారూ," అంది.

"నీ పేరే ఇచ్చినాను కదేటమ్మా. పేరు మార్చడానికి ఆళ్ళు ఒప్పుకోరు," అన్నారు మాస్టారు. ఒప్పుకోరో, ఆయన అడగనే లేదో హైమవతికి తెలియలేదు. మళ్ళీ ఏమైనా అంటుందేమోనని ఆయన ఈల నోట్లో పెట్టేసుకున్నారు.

మధ్యాహ్నమంతా ఆమె ఏమీ తినలేదు. సుచరిత మాత్రం పులిహోర తిని, షెడ్డు నీడలో ఒక కునుకు తీసింది. నిద్రపోతున్న పిల్లను చూస్తూ హైమవతి అరికాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంది.

సాయంత్రం ఎండ తగ్గింది, గాలి పెరిగింది. ఈసారి హైమవతి మెడ బిగించి పరిగెత్తింది. చూడకపోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. చూడకపోయేసరికి వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపించసాగింది. సమంగా, తొట్రుపాటు లేకుండా. ఆ చప్పుడు తన అడుగులకంటే స్థిరంగా ఉంది.

గంట ఖంగుమంది. ఎదురుగా ఆ మలుపే. గాలికి మూలనున్న జెండాలు పెళపెళలాడుతున్నాయి. పిల్ల ఒక్కతీ తట్టుకోగలదా? ఇంకో పది అడుగులు, పదంటే పదే. కాలు అప్పుడే ముందుకు పడబోతోంది. హైమవతి దాన్ని బలవంతాన గడ్డి మీదికి లాగింది.

సుచరిత ఆమె పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది.

గడ్డి మీద అడ్డంగా పరిగెత్తి అవతలి వైపు చేరి కేకలు వెయ్యాలని హైమవతి అనుకుంది. కాళ్ళు కదల్లేదు. సరే, ఇక్కడినుంచే అరుద్దామని నోరు తెరిచింది. ఊపిరి వచ్చింది కాని మాట రాలేదు. ఇక చెయ్యడానికి ఏమీ లేక, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, చూస్తూ నిలబడింది.

గాలి మలుపులో పిల్ల తల కాస్త దించి, మోచేతులు దగ్గరకు తీసుకుంది. అది తల్లి నేర్పింది కాదు. తల్లి అయితే, "తల ఎత్తు!" అని అరిచేది. అవతలి వైపు సాగేటప్పుడు అడుగు పొడవైంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చివరి మలుపు తిరిగాక పళ్ళు బిగించింది. దూరానికి అది నవ్వులాగే కనిపించింది. గీత దాటి నాలుగడుగులు వేసి గడ్డి మీద వెల్లకిలా పడిపోయింది. గడియారం పెద్దమనిషి పక్కాయనకు చూపించాడు. పక్కాయన ఇంకొకాయనకు చూపించాడు. ముగ్గురూ తలలు నిలువుగా ఊపారు.

పడుకునే సుచరిత రెండు చేతులూ గాలిలోకి లేపింది. ఎవరో బెంగాలీ అమ్మాయిలు ఆమెను లేవదీసి గిరగిరా తిప్పుతున్నారు. మాస్టారు ఇనుపకడ్డీ చంకలో పెట్టుకుని మెల్లగా నడుచుకుంటూ హైమవతి దగ్గరకు వచ్చారు.

"ఎలా పరిగెత్తింది?" అని అడిగారు.

హైమవతి అరచేత్తో ముఖం తుడుచుకుంది. "నాలా కాదు మాస్టారూ. భుజాలు వాళ్ళ నాన్నవి. గాలికి తల దించడం ఎవరిదో తెలియదు. ఆ పట్టుదల... అది ఎవరిదీ కాదు, దానిదే."

మాస్టారు ఈల నోటిదాకా తెచ్చి, మళ్ళీ దించేశారు.

"అయితే పిల్లని ఇవేళ చూసినావన్నమాట," అన్నారు.