దండపాణిగారి మూట

ఏ రాజుగారి కాలమో గానీ, వేగుల అధికారి దండపాణికి ఊళ్లో ప్రతి ఇంటి సంగతీ తెలుసుకోవాలన్న పిచ్చి పట్టుకుంది. బట్టలుతికే నూకాలును పిలిపించాడు.

"ఎవరికి జబ్బు చేసిందో, ఎవరింట్లో ఎవరు తలదాచుకున్నారో విడిచిన బట్టలు చూస్తే నీకు తెలిసిపోతుంది. వారం వారం సభకొచ్చి అన్నీ చెప్పాలి. దాచావంటే నీ మొగుడు చెరసాల్లో ఉంటాడు" అన్నాడు.

నూకాలుకు ఆ వారమంతా తిండి సయించలేదు. అవన్నీ తనను నమ్మి బట్టలు వేసే ఇళ్లు.

ఎనిమిదోనాడు పెద్ద మూటతో రాజుగారి ముందు నిలబడింది.

"ఏ ఇంటితో మొదలుపెట్టమంటారు దొరా?"

"ఏదైతేనేం, ఏ ఇంటికీ మినహాయింపు లేదు" అన్నాడు దండపాణి.

"అయితే ఇదే విప్పుతాను. ఇది మీ ఇంటి మూట."

రాజుగారు ముందుకు వంగారు. ఆమె ముడి మీద చెయ్యి వేసిందో లేదో, దండపాణి పరుగున వచ్చి మూటను అదిమి పట్టుకున్నాడు. నుదుటినిండా చెమట.

"వద్దు ప్రభూ. ఇంటి గుట్టు నలుగురిలో పెట్టకూడదు."

"గుట్టు నీ ఒక్కడింట్లోనే ఉంటుందా?" అన్నారు రాజుగారు. ఆ ఉత్తర్వు అక్కడికక్కడే రద్దయింది.

రేవుకొచ్చాక మొగుడు గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఆయన బట్టల్లో ఏం దొరికింది?"

నూకాలు ముడి విప్పింది. లోపలున్నవి వాళ్లింటి చిరుగుబొంతలు.

"ఏం దొరుకుతుందనుకున్నాడో ఆయన్నే అడగాలి" అంది.