థియోఫానిస్ పంతులు, సున్నపు బట్టీ

అనగనగా, మన సముద్రం దాటి, ఇంకో సముద్రమూ దాటి పోతే, గ్రీకు దేశం వస్తుంది. ఆ దేశంలో ఒక చిన్న దీవి. అక్కడ చేపలు పట్టేవాళ్ళూ మేకలు కాసేవాళ్ళూ ఉండేవారు. మా తాతగారి తాతగారు కుర్రవాడుగా ఉన్న రోజులన్నమాట.

ఆ దీవిలో వలలు అల్లే ఒకాయనకి ఒక కొడుకు. పేరు థియోఫానిస్. ఏదీ, పలుకు చూద్దాం. ఆఁ, అదే. అతనికి చదువంటే ప్రాణం. పడవెక్కి ఏథెన్సు పట్నం వెళ్ళాడు. అక్కడ పాత రాళ్ళ మీది రాతలు చదవడం నేర్చుకున్నాడు. అరిగిపోయిన అక్షరమైనా సరే, వేలితో తడిమి ఇదీ అని చెప్పేసేవాడు. గురువులు ఇక్కడే ఉండిపొమ్మన్నారు. "మా ఊళ్ళో పిల్లలకి అక్షరాలు చెప్పేవాళ్ళు లేరండీ," అని తిరిగి వచ్చేశాడు.

ఊళ్ళో బడి లేదు. పాత మేకల కొట్టం ఒకటుంటే అందులోనే పాఠాలు మొదలెట్టాడు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. కప్పంతా కారేది. పిల్లలు తడిసిపోయి, ముక్కులు ఎగబీల్చుకుంటూ దిద్దుకునేవారు. వాళ్ళలో జంబేటా అని ఒక పిల్ల. సున్నం కాల్చే స్తమాతిస్ కూతురు. ఆ పిల్లకి దగ్గు పట్టుకుంది.

ఊరి పక్కన కొండ. కొండ మీద ఎప్పటివో సమాధి రాళ్ళు, తెల్లటి పాలరాళ్ళు. సెలవైతే చాలు, పంతులు అక్కడే ఉండేవాడు. నాచు గీకి, రాతలు చదివి, వాటి గురించి పెద్ద పుస్తకం రాస్తున్నాడు. అది అచ్చయితే దేశమంతా అతని పేరు చెప్పుకుంటుంది.

అప్పుడు ఊరివాళ్ళంతా కలిసి బడి కడదాం అనుకున్నారు. గోడలకి రాయి ఉంది. రాయిని రాయితో అతికించడానికి సున్నం కావాలి కదా? పాలరాయిని బట్టీలో కాలిస్తే మంచి సున్నం వస్తుంది. స్తమాతిస్ గునపం తీసుకుని కొండెక్కాడు.

పంతులు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "స్తమాతిస్, ఇవి వద్దయ్యా. వీటి మీద మనుషులున్నారు."

"మా తాత ఇవే కాల్చాడు పంతులుగారూ. మా నాన్నా ఇవే కాల్చాడు. మీరు పడుకునే ఇల్లు కూడా ఈ సున్నంతోనే కట్టారు," అన్నాడు స్తమాతిస్.

"ఈసారికి నా మాట విను."

సరేనని స్తమాతిస్ సముద్రం ఒడ్డున దొరికే మట్టిరాళ్ళు తెచ్చి కాల్చాడు. ఆ సున్నంలో పట్టు లేదు. మొదటి వానకే గోడ కూలింది. పిల్లలెవరూ దగ్గర లేరు కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత పంతులు పక్క దీవి నుంచి పడవలో సున్నం తెప్పించాడు. దారిలో అల లేచింది. కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే ఏమవుతుంది? కుతకుతా ఉడికిపోతుంది. పడవకే నిప్పంటుకుంది. పడవవాడు నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

ఆ తర్వాత మళ్ళీ చలికాలం వచ్చింది. కొట్టం అలాగే కారుతోంది. జంబేటా బడికి రాలేదు. పంతులు చూడ్డానికి వెళ్ళాడు. ఆ పిల్ల పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంది. దగ్గినప్పుడల్లా ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. వాళ్ళమ్మ పంతులుని ఒక్క మాట అనలేదు. స్తమాతిసూ అనలేదు. అని ఉంటేనే నయంగా ఉండేదేమో.

గుమ్మం దాటాక పంతులు అన్నాడు, "కొండ మీది రాళ్ళు తీసుకో."

"మరి మీ పుస్తకం?"

"రాళ్ళు లేకపోతే అందులో రాసింది ఎవరూ నమ్మరు. అయినా తీసుకో. పిల్లలకి ఒకసారి చూపించనీ, అంతే."

ఎండ కాసిన పూట చూసి పంతులు పిల్లల్ని కొండెక్కించాడు. నేనూ వస్తానని జంబేటా ఒకటే ఏడుపు. స్తమాతిస్ ఆ పిల్లని గొంగడిలో చుట్టి, భుజాన వేసుకుని తెచ్చాడు.

పంతులు రాళ్ళు చదువుతూ పోయాడు. ఒక రాయి ఓడ మునిగి చచ్చిపోయిన నావికుడిది. ఒకటి ఒక కుక్కది. "దొంగల్ని చూసి మొరిగాను, యజమానిని చూసి ఎప్పుడూ మొరగలేదు," అని రాసుంది. పిల్లలు పకపకా నవ్వారు. ఇంకొకటి కుమ్మరివాళ్ళ అమ్మాయిది. "నా పేరు మిర్తో. నాన్న నాకోసం చిన్న కుండ చేశాడు. అది నిండకముందే నేను వచ్చేశాను," అని రాసుంది. పిల్లలు ఆ అక్షరాల్లో వేలు పెట్టి దిద్దారు.

"ఇప్పుడు మిర్తో ఎక్కడికి పోతుంది పంతులుగారూ?" అని అడిగింది జంబేటా.

"మన బడి గోడలోకి," అన్నాడు పంతులు.

అప్పుడు బట్టీ అంటించారు. రాళ్ళు కాలినంతకాలం పంతులు అక్కణ్ణుంచి కదల్లేదు. ఏడ్చాడా అంటావా? అదెవరికీ తెలీదమ్మా. ఆ పొగకి అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

బడి లేచింది. గోడలు గట్టిగా నిలిచాయి. పైకప్పు పడింది. లోపల పొయ్యి పెట్టారు. జంబేటా దగ్గు మెల్లిమెల్లిగా తగ్గింది.

ఏళ్ళు గడిచాయి. పంతులుకి జుట్టు తెల్లబడింది. జంబేటాకి పెళ్ళయి, ఆమె కూతురు బడికి వస్తోంది. అప్పుడు ఏథెన్సు నుంచి ఒక పండితుడు దిగాడు. పుస్తకం సంగతి ఆయన విన్నాడట.

"రాళ్ళేవండీ?" అన్నాడు.

పంతులు బడి గోడ మీద చెయ్యి వేశాడు. "ఇందులో ఉన్నాయి."

పండితుడి ముఖం ఎర్రబడింది. "చదువు రానివాళ్ళు చేశారంటే అర్థం ఉంది. మీరుండి ఎలా చెయ్యనిచ్చారు?"

"నేనే చెయ్యమన్నాను."

"ఇంక మీ పుస్తకం ఎవరు అచ్చేస్తారు?"

"ఎవరూ వెయ్యరండీ," అన్నాడు పంతులు.

భోజనానికి ఉండమంటే ఆయన ఉండలేదు. వచ్చిన పడవలోనే వెళ్ళిపోయాడు. ఆ పుస్తకం ఎప్పటికీ అచ్చు కాలేదు.

పంతులు పడవ కనిపించినంతసేపూ రేవులోనే నిలబడ్డాడు. ఆ తర్వాత బడికి వచ్చాడు. లోపల పిల్లలు ఒకటే గోల.

"ఎక్కడ ఆపాం?" అని అడిగాడు.

జంబేటా కూతురు లేచి చెప్పింది. పంతులు అక్కణ్ణుంచి అందుకున్నాడు.

కథేమో కంచికెళ్ళింది,
కాలేమో ఇల్లు చేరింది,
దీపమేమో ఆవులించింది,
దిండేమో మనల్ని పిలిచింది.