రెండో బొరియ గంట

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఇరవై బొరియలూ, వాటన్నిటికీ సరిపడా ఒక నోరూ ఉండేవి. ఆ నోరు ఉద్దండం అనే ముంగిసది.

ఎవరో బాటసారి గుట్ట మీద పారేసిపోయిన కంప్యూటర్ ముందు కూర్చుని అది నాలుగు రోజులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంది. ఐదో రోజు నుంచి దాని కాళ్ళు నేల మీద ఆనలేదు. వాగు పొంగితే బొరియ బొరియకీ గంట మోగేలా ప్రోగ్రామ్ రాస్తానంది. పిల్లలు గలవాళ్ళు కదా, అందరూ సరేనన్నారు.

"అదెలా పనిచేస్తుంది నాయనా?" అని అడిగింది రెండో బొరియలో ఉండే పందికొక్కు అవ్వ.

ఉద్దండం పళ్ళికిలించింది. "ఫంక్షన్ అంటే ఒక పనికి పేరు పెట్టి ఉంచడం. పేరు పెట్టి పిలిస్తే పని చేస్తుంది, 'రిటర్న్' అనగానే తిరిగొచ్చేస్తుంది. లూప్ అంటే వరసగా ఒక్కొక్కరి దగ్గరా అదే పని చేయడం. నీ బుర్రకెక్కడ ఎక్కుతుందిలే."

"ఎక్కింది నాయనా. పెళ్ళికి గడప గడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచినట్టు. అందర్నీ పిలిచాకే ఇంటికి రావాలి."

"పైథాన్‌లో పెళ్ళిళ్ళుండవు," అని వెక్కిరించింది ముంగిస.

గంటలు కట్టి పరీక్షించారు. మొదటి బొరియ ఉద్దండానిదే. అక్కడ గంట గణగణ మోగింది. ఇక చూడాలి దాని గంతులు.

"నా గంట మోగలేదు నాయనా," అంది అవ్వ.

"నీకు చెముడు," అంది ఉద్దండం.

రెండోసారీ అంతే. "మోగలేదు నాయనా. నా మనవలు ఇంకా కళ్ళైనా తెరవలేదు. ఒక్కసారి వచ్చి చూసిపో," అని అవ్వ బతిమాలింది. పట్టుమని పది అడుగుల దూరం. ఆ మహానుభావుడికి అంత దూరం నడవడం నామోషీ.

మూడోసారి అవ్వ నోరు తెరవకముందే ఉద్దండం "చెముడు" అనేసింది. మిగతావాళ్ళకీ గంట వినపడలేదు. చెబితే తమనీ చెవిటివాళ్ళంటుందని నోరు మూసుకున్నారు. పిల్లల ప్రాణాలకన్నా పరువే ఎక్కువైంది వాళ్ళకి.

తర్వాత ఉద్దండానికి ఎత్తు మీదున్న ఇరవయ్యో బొరియ మీద మనసైంది. అందులో ఉన్న కుందేలుకి తన మొదటి బొరియ అంటగట్టి తాను ఇరవయ్యోదాంట్లో చేరింది.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా వాగు పొంగింది. మొదటి గంట మోగింది. కుందేలు బయటికి దూకి పరుగు తీసింది. ఆ చప్పుడుకి అవ్వ లేచింది. తన గంట ఉలకలేదు, పలకలేదు. మనవలని గుట్ట ఎక్కించి వచ్చి, మూడో గడప, నాలుగో గడప, ఐదో గడప... వరసగా అందర్నీ లేపుకుంటూ పోయింది. ఇరవయ్యో గడప చేరేసరికి నీళ్ళూ చేరాయి. గురక పెడుతున్న ఉద్దండాన్ని తోక పట్టి బయటికి ఈడ్చింది.

"గంట వినపడలేదు," అంది ఉద్దండం నీళ్ళు కక్కుతూ.

"అయ్యో, నీకూ చెముడేనా నాయనా," అంది అవ్వ.

గుట్ట మీదకెళ్ళి ఉద్దండం తన ప్రోగ్రామ్ తెరిచింది. లూప్ అయ్యాక ఉండాల్సిన 'రిటర్న్' లూప్ లోపలే కూర్చుని ఉంది. మొదటి గంట కొట్టగానే ఫంక్షన్ తిరిగొచ్చేసింది.

"మొదటి గడపలో బొట్టు పెట్టి ఇంటికొచ్చేసిందన్నమాట," అంది అవ్వ.

ముంగిస ఆ 'రిటర్న్'ని లూప్ బయటికి జరిపింది. నీళ్ళు తీశాక ప్రోగ్రామ్ నడిపించి, ఇరవై గడపలకీ నడిచి, ఒక్కొక్క గంటా చెవులారా విని వచ్చింది. అన్నిటికన్నా ముందు రెండో బొరియకే వెళ్ళింది.

నీతి: తన గంట మోగితే చాలనుకునేవాడికి ఊరంతా చెవిటిదే, చివరి గడపదాకా నడిచి చూసినవాడిదే విద్య.