ఓబులమ్మ బండి ఎత్తు

సిరివాగు అవతల ఊళ్లో, చెల్లెలి దగ్గర చదువుకుంటున్న తన పిల్లలిద్దరికీ ఓబులమ్మ నెలనెలా పాత ఎడ్లబండిలో బియ్యం తీసుకెళ్లేది. ఈసారి గింజలు నిండుకున్నాయని కబురొచ్చింది. తీరా రేవుకు వెళ్తే కొత్త రాజాజ్ఞ! అడుగు వాగులోని రాళ్లకు తగిలేంత కిందికున్న బండ్లు పనికిరావట. అలాంటి బండి ఎక్కడ కనబడితే అక్కడే సరుకునూ మనుషులనూ దించేయాలట.

"పెద్ద చక్రాలతో కొత్త బండి చేయించుకో," అన్నాడు బండ్ల అధికారి మార్తాండయ్య.

ఓబులమ్మ ఇంటికెళ్లి, విరిగిన కాడిని ముక్కలు కోసింది. వాటిని ఇరుసుకూ బండి తొట్టికీ మధ్య పెట్టి, తడిస్తే బిగుసుకునే నారతాళ్లతో కట్టింది. తొట్టి జానెడు పైకి లేచింది. మర్నాడే మళ్లీ రేవుకు వచ్చింది.

మార్తాండయ్య వంగి చూసి నవ్వాడు. "ఇదీ ఒక ఎత్తేనా? నడివాగులో ఊడిపోతుంది. పనికిరాదు."

"ఊడితే బండీ ఎడ్లూ మీవే దొరా. ఎక్కి చూడండి."

ఆశపడి ఆయన బండెక్కి బియ్యం మూటల మీద కూర్చున్నాడు. బండి నడివాగు చేరింది. ఒక్క రాయీ తగల్లేదు.

"అయినా సరే, పనికిరాదు. నా మాటంటే మాటే," అన్నాడు మార్తాండయ్య.

ఓబులమ్మ ఎడ్లను ఆపింది. "అయితే ఆజ్ఞ ప్రకారం ఇక్కడే దించాలి. ముందు మీరు దిగండి దొరా, తర్వాత మూటలు."

మోకాలి లోతు దాటి పరుగెడుతున్న నీళ్ల వంకా, తన పట్టుపంచె వంకా చూసుకున్నాడాయన.

"బండి బాగానే ఉందిలే. తోలు!"

"ఆ మాటేదో ఒడ్డునున్న మీ భటులకు వినబడేలా చెప్పండి."

ఆయన గొంతెత్తి అరిచాడు. రేవులో ఆగిపోయిన బండ్లవాళ్లంతా చెక్కముక్కల కోసం ఇళ్లకు పరుగెత్తారు.