దీప్తధన్వుని కంకణముడి

పూర్వం చాక్షుష మన్వంతరంలో, నలువైపులా ఉప్పునీటి సముద్రం చుట్టుకుని, ఏడాదిలో సగం కాలం మంచుతెర కప్పుకుని ఉండే తుషారద్వీపమనే దేశంలో, ఒకరి తరువాత ఒకరుగా సింహాసనమెక్కిన రాజులు మాటలిచ్చి, ఆ మాటలు నెరవేర్చకుండానే దిగిపోతూ ఉండటంవల్ల విసిగి వేసారిన ప్రజలు, పరాక్రమశాలీ, మృదుభాషీ అయిన దీప్తధన్వుడనే యువకుణ్ణి భుజాల మీద ఎత్తుకుని తెచ్చి తమకు రాజుగా నిలుపుకున్నారు.

ఆ దేశంలో ఒక ఆచారముంది. పట్టాభిషేకం నాడు రాజు ప్రజలకు ఏ మాట ఇస్తాడో, ఆ మాటకు సాక్షిగా పురోహితుడు పసుపుదారమొకటి తెచ్చి రాజు కుడి మణికట్టుకు కంకణం కడతాడు. పని పూర్తయితే గాని దాన్ని విప్పకూడదు. వెనుకటి రాజులు ఒకటో రెండో కట్టించుకుని, నాలుగు రోజులు పోయాక ఎవరూ చూడకుండా కత్తితో తెంచుకునేవారు. దీప్తధన్వుడు అలాంటివాడు కాడు. ప్రజలమీద వల్లమాలిన ప్రేమ కలవాడు కనుక, అడిగినవారికి అడిగినట్లు “తథాస్తు” అన్నాడు. నీరెరుగని ఉత్తరసీమకు నది రప్పిస్తానన్నాడు. గూడు లేని ప్రతి కుటుంబానికీ ఇల్లన్నాడు. రోగులు వైద్యుని వాకిట పడిగాపులు పడే రోజులు పోతాయన్నాడు. ఇంకా ఎన్నో అన్నాడు. దారం మీద దారం వచ్చి పడుతుంటే, వేర్వేరుగా ముడులు వేసే తీరిక లేక పురోహితులు అన్నింటినీ కలిపి ఒకే ముడి బిగించేశారు. జయజయధ్వానాల హోరులో దాన్ని ఎవరూ గమనించలేదు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్న పట్టమహిషి, సాధుశీల అయిన క్షేమవతీదేవి మాత్రం గమనించి, శుభమా అని పట్టాభిషేకం జరుగుతుంటే నోరు విప్పడమెందుకని ఊరుకుంది.

నెలలు గడిచాయి. రాజు నదికోసం బయలుదేరబోతే ఇళ్లవారు వచ్చి అడ్డుపడ్డారు. ఇళ్లకు పునాది తీయబోతే రోగుల బంధువులు వచ్చి కాళ్లమీద పడ్డారు. ఏ దారం సడలించబోయినా మిగిలిన దారాలు బిగుసుకుని, చెయ్యి వాచి, విల్లెత్తిన ఆ చెయ్యి చివరకు చెంబు కూడా ఎత్తలేనిదయింది. కుమారుని అన్నప్రాశన ముహూర్తం రానూ వచ్చింది, పోనూ పోయింది. తండ్రి కుడిచేత్తో తొలిముద్ద పెడితే గాని ఆ వంశంలో బిడ్డకు అన్నం ముట్టించరు.

ఆ మరునాడు బిడ్డకు నలుగు పెడుతూ ఉండగా, లేత మణికట్టు చుట్టూ దారం ఒరిపిడిలాంటి ఎర్రని గీత కనబడింది. ఎంత తుడిచినా పోలేదు. క్షేమవతి బిడ్డను పొదువుకుని, కులగురువూ త్రికాలజ్ఞుడూ అయిన శ్వేతపర్ణ మహర్షి ఆశ్రమానికి పల్లకీలో హుటాహుటిన వెళ్లింది. ఆయన గీతను చూసి నిట్టూర్చాడు.

“అమ్మా! తీరని మాట, ఇచ్చినవాడితోనే పోదు, వాడి బిడ్డ చేతికి పాకుతుంది. కత్తితో తెంచితే మరీ వేగంగా పాకుతుంది. వెనుకటి రాజుల కుమారులు చేతులు చచ్చుబడి తిరగడం నీవు చూడలేదా? ఈ గీత మోచెయ్యి దాటేలోగా ఒక్క మాటైనా నెరవేరాలి.”

“ఏ మాట, మహాత్మా?”

“అది నన్నడిగితే ఎలా తల్లీ? మాట ఇచ్చింది నేను కాదుగా!”

తిరిగివస్తూ ఉండగా, సముద్రస్నానానికి పోయే ఆడవాళ్లు దారిపక్కకు ఒదిగి, పల్లకీలో ఎవరున్నారో తెలియక గొంతు తగ్గించకుండా మాట్లాడుకుంటున్నారు.

“ఇంటింటికీ కప్పు వేయిస్తానన్నాడుగా వదినా, మీకు వేయించాడా?”

“వేయించకేం! రోజూ పడుకుని చుక్కలు చూసుకుంటున్నాం, ఎంత విశాలమైన కప్పనుకున్నావు!”

“పాపం, ఆయన చేతికి దారాలెక్కువై దాన్ని ఎత్తలేకపోతున్నాడటే.”

“అయితే మా మగ్గం దగ్గరకు పంపమను. కనీసం పంచె అయినా నేస్తాం!”

అందరూ పకపక నవ్వారు. పల్లకీలో క్షేమవతి పెదవి కొరుక్కుంది. కోపం రాలేదు ఆమెకు. ఆ నవ్వులో అబద్ధమేదీ లేదని ఏడుపొచ్చింది.

అంతఃపురానికి వచ్చేసరికి, సకలశాస్త్రపారంగతుడైన మహామంత్రి విపులమతి రాజుకు ఉపాయం చెబుతున్నాడు. “మహారాజా! శాస్త్రంలో విధివాక్యాలు వేరు, అర్థవాదాలు వేరు. చేసి తీరవలసినది విధి. ఊరికే మెచ్చుకోలుగా పలికేది అర్థవాదం. పట్టాభిషేకపు పలుకులన్నీ అర్థవాదాలేనని సభలో ప్రకటిద్దాం. కత్తి తెప్పించమంటారా?”

“ఆ ముక్క పట్టాభిషేకం నాడే చెప్పవలసింది, మంత్రివర్యా!” అంటూ క్షేమవతి లోపలికి వచ్చి, బిడ్డ చేతిని భర్త ముందు చాపింది.

రాజు ముఖం పాలిపోయింది. “దేవీ! అందరికీ మేలు చేయాలనే కదా అన్ని మాటలిచ్చాను? ఇప్పుడీ ముడిలో ఏ దారమేదో నాకే తెలియడం లేదు.”

“నాథా! అన్నింటికంటే ముందు ఇచ్చిన మాట ఏది?”

“ఉత్తరసీమకు నది.”

“అయితే లోపలి దారం అదే. నీరొస్తే పొలం పండుతుంది, ఇటుకకు మట్టి తడుస్తుంది. కడుపు నిండితే వైద్యుని వాకిట సగంమంది తగ్గుతారు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం. మిగిలినవారికి ఆగమని మీ నోటితో మీరే చెప్పండి.”

మరునాడు దీప్తధన్వుడు సభలో నిలబడి, వాచిన చెయ్యి అందరికీ కనబడేలా చాపి, “ప్రజలారా! అన్నీ ఒక్కసారి చేయగలనన్నాను. చేయలేను. అలా అనడం నా తప్పు. కానీ ఏ దారాన్నీ తెంచను. వరుసగా విప్పుతాను” అన్నాడు. సభలో గోల చెలరేగింది. తెగిడినవారున్నారు, లేచిపోయినవారున్నారు. గొంగడి కప్పుకున్న ఒక ముసలి సాలె మాత్రం అడిగాడు.

“ఇల్లు కావాలన్నోళ్లం. ఆ వరుసలో మేమెక్కడున్నాం సామీ?”

“చివర, తాతా.”

“చివరున్నామని మొహమ్మీద చెప్పిన రాజువి నువ్వొక్కడివే. సరే పో, చూద్దాం.”

ఉత్తరసీమకూ హిమస్రవానదికీ నడుమ స్తబ్ధగిరి అనే పర్వతం అడ్డంగా పడుకుని ఉంది. రాజు దాని ముందుకు రాగానే ఆ గిరి గుహలన్నీ మార్మోగేలా నవ్వింది.

“దయచెయ్యి నాయనా, దయచెయ్యి! నీ ముందువాళ్లు కూడా ఇక్కడే నిలబడ్డారు. ఒకడు నన్ను పిండి చేస్తానన్నాడు. ఇంకొకడు తన పేరు నా వీపు మీద చెక్కించుకుని వెళ్లిపోయాడు. ఉపన్యాసాలు విని విని చెవులు బండబారిపోయాయి. నీవేం చెబుతావు?”

దీప్తధన్వుడు ఏమీ చెప్పలేదు. ఎడమచేత్తో గునపమెత్తి పొడిచాడు.

“ఒక్క మాటైనా చెప్పవేమయ్యా?” అంది పర్వతం. ఆయన మళ్లీ పొడిచాడు.

మంచు కురిసింది, గాలి కోసింది. క్షేమవతి బిడ్డను వీపుకు కట్టుకుని తట్టలతో మట్టి మోసింది. దించిన ప్రతి తట్టకూ వెనక్కి చెయ్యి పోనిచ్చి బిడ్డ చేతిని తడుముకునేది. గీత మణికట్టు దాటింది. మోచేతి దాకా వచ్చిననాడు ఆమె రాళ్ల మధ్య కూలబడి, బిడ్డను ఎత్తుకుని ఎక్కడికైనా పారిపోదామా అనుకుంది. పారిపోయినా గీత వెంటే వస్తుంది కదా అని, కన్నీళ్లు కొంగుతో ఒత్తుకుని మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఎత్తుకున్న తట్టకు అటువైపు ఇంకెవరిదో చెయ్యి సాయం పట్టింది. చూస్తే ఆ ముసలి సాలె. అతని వెనుక పంచె నేస్తామని నవ్విన ఆడవాళ్లు, వారి వెనుక జనం.

“చివరోళ్లం కదమ్మా,” అన్నాడతను, “ముందుది తొందరగా అయితేనే గదా మా వంతొచ్చేది!”

అందరూ పారలు పట్టారు. ఒక్కరూ ఉపన్యాసమివ్వలేదు. అప్పుడు స్తబ్ధగిరి మెల్లగా అంది: “రాజా! ఇంతకాలం మాటలకు కదలలేదు నేను. మాట్లాడకుండా పనిచేసేవాడి ముందు మాత్రం పడుకుని ఉండలేకపోతున్నాను. తప్పుకో, లేస్తాను.” పర్వతం లేచి పక్కకు జరిగింది. హిమస్రవానది నురుగులు కక్కుతూ, రాళ్లు దొర్లించుకుంటూ ఉత్తరసీమలోకి దూకింది. ఆ క్షణంలో రాజు చేతి మీది లోపలిదారం తనంతట తానే జారి నీళ్లలో పడింది. ముడి సడలి, మిగిలిన దారాలు దేనికది విడివడ్డాయి. క్షేమవతి బిడ్డ చొక్కా చేతిని పైకి నెట్టి చూసింది. పాలమీగడలాంటి చర్మం తప్ప ఏమీ లేదు.

నదీమధ్యంలో హంసవాహిని, వీణాపాణి, శారదచంద్రికాధవళ అయిన వాగ్దేవి ప్రత్యక్షమై, “వత్సా! సంతోషించాను. మిగిలిన మాటలన్నీ ఈ క్షణమే నెరవేర్చమంటావా?” అంది.

దీప్తధన్వుడు అలవాటు కొద్దీ “తథాస్తు” అనబోయి, ఆగి, భార్యవైపు చూశాడు.

“వద్దు తల్లీ!” అని క్షేమవతి చేతులు జోడించింది. “నీవు చేసిపెడితే, రేపు ఇంకొక రాజు ఇంతకు రెట్టింపు మాటలిచ్చి నిన్ను పిలుస్తాడు. నీవు పలకని నాడు, వాడి బిడ్డ చెయ్యి ఏమైపోవాలి? మిగిలినవి మేమే చేసుకుంటాం. వరమిస్తే ఇదొక్కటే ఇవ్వు. ఈ సింహాసనం మీద కూర్చున్నవాడి నాలుక మీద నీవు కొంచెం బరువుగా కూర్చో.”

వాగ్దేవి పెద్దగా నవ్వి, “అలాగే అవుగాక! ఒక కంకణం జారేదాకా ఈ దేశపు రాజుకు రెండవ మాట పెగలదు!” అని వరమిచ్చి అంతర్ధానమైంది.

ఆ నది ఒడ్డునే, వచ్చిన నీళ్లతోనే అన్నం వండారు. దీప్తధన్వుడు కుడిచెయ్యి ఎత్తి కుమారుని నోటికి తొలిముద్ద అందించాడు. బిడ్డ ముద్దను వదిలిపెట్టి తండ్రి చేతికి వేలాడే పసుపుదారాన్ని పట్టుకుని నోట్లో పెట్టుకోబోతే, క్షేమవతి ఆ పిడికిలి మెల్లగా విప్పి, “అది నీది కాదు నాన్నా, మీ నాన్నది” అంది.

ఆ రాజు ఆ తరువాత అనేక సంవత్సరాలు తక్కువ మాట్లాడి, ఒక్కొక్క దారాన్నీ వరుసగా విప్పించుకున్నాడు. చివరిదారం జారిననాడు, ముసలి సాలె మనుమరాలు కొత్త ఇంటి కప్పు కింద పడుకుని, చుక్కలు కనబడటం లేదని పేచీ పెట్టిందట. ఈ కథను భక్తితో విన్న తల్లుల బిడ్డలకు పెద్దల తీరని మాటల భారం అంటకుండా ఆ వాగ్దేవి కాపాడుగాక!